స్టీరింగుకు వేరే బ్యాటరీ పెట్టిన దినం

మొన్న సోమవారం పొద్దున షట్టరు ఎత్తి ఊదుబత్తి ముట్టిస్తుంటే ఒకాయన వచ్చిండు. కండ్లద్దాలు, నెరిసిన గడ్డం, యాభై దగ్గర పడ్డ మనిషి. చంకల ఒక కారున్నది. బొమ్మ కారే గని, పిల్లలు తాడు కట్టి గుంజేది గాదు. రిమోట్ పట్టుకొని నడిపేది, గొర్రెపిల్లంత ఉన్నది. "పెద్దాయనా, స్పీడు పెంచినప్పుడల్లా దీని స్టీరింగు ఆగిపోతున్నది. స్టీరింగుకు వేరే బ్యాటరీ పెడితే బాగయితదని అన్నరు. చేస్తరా?" అని అడిగిండు. నేను దాన్ని ముట్టకుండనే చెప్పిన: "చేస్త. ఎర్ర తీగ ఇడదీసి కొత్త బ్యాటరీకి ఇయ్యాలె. నల్ల తీగలు మాత్రం ఇడదియ్యొద్దు, రెండు బ్యాటరీల నల్ల తీగలు ఒక్కదగ్గర కలిపి సోల్డరింగ్ పెట్టాలె. అది మరిస్తే బండి మీ మాట ఇనది." ఆయనకు ఆశ్చర్యమైంది. "ట్రాక్టర్ల పని చేసేటోళ్లు, ఇదెట్ల నేర్చుకున్నరు?" అన్నడు. "ఒకాయన కాలు ఇరగ్గొట్టి నేర్చుకున్న," అన్న. ఆయన పడిపడి నవ్విండు. నేను తల వంచుకొని పని చేసిచ్చిన, సోల్డరింగ్ పెట్టి, లాగి చూసి, మళ్ల లాగి చూసి. ఆయన పోయినంక మధ్యాహ్నం బువ్వ డబ్బా ఇప్పి, తినకుండనే మూసిపెట్టిన.

చేవెళ్లల, షాబాద్ పోయే తొవ్వల, నలభై ఏండ్ల సంది నాది ట్రాక్టర్ల కరెంటు పని. వికారాబాద్ నుంచి హైదరాబాద్ దాక ఏ ట్రాక్టర్ లైటు ఎలిగినా అందుల నా చెయ్యి ఉంటదని అందరికీ చెప్త. నిజం చెప్పాల్నంటె మూడు మండలాలు, అందుల సగం బండ్లు ఎదురు షాపుకే పోతయి. అయినా పని మీద పేరున్నది. ట్రాక్టర్ పనిల ఒక సులువుంటది. లైటుకైనా హారన్‌కైనా బ్యాటరీకెల్లి ఒక్క తీగనే గుంజుతం. కరెంటు తిరిగిపోయే తొవ్వ బండి ఇనుమే. నెగటివ్ తీగను బాడీకి బోల్టు పెట్టి బిగిస్తం, ఇగ ఫికర్ లేదు, ఏడ ముట్టుకున్నా నెగటివ్ దొరుకుతది. రెండో తీగ గురించి నేను నలభై ఏండ్లు ఆలోచన చెయ్యలె. చెయ్యాల్సిన పని గూడ పడలె.

మా ఇంటామె చెల్లెలి మొగడు, అంటె నా సడ్డకుడు, సురంగల్‌ల ఉంటడు. రెండెకరాల బంతిపూలు, ఎకరం పాలకూర. మేమిద్దరం కలిసిన చోట నెత్తురు కనపడకుండ లేచిన దినం లేదు. మొదటిసారి ఆయన పెండ్లిలనే కొట్టుకున్నం. తినేటందుకు వరుసల కూసున్నప్పుడు కూరల నల్లిబొక్క నా విస్తారిల పడ్డదని గరిటె గుంజుకొని నా మొఖం మీద కొట్టిండు, పెండ్లికొడుకు బట్టల మీదనే. నేను పప్పు గంజు ఆయన నెత్తి మీద బోర్లించిన. పప్పు సలసల కాగుతున్నదని చెప్త ఎప్పుడు చెప్పినా, అప్పటికి చల్లారిందే. ఇంకోసారి పొలంగట్టు కాడ నా ఎడమ చెవి సగం కొరికిండు. సగం అని నేనే అంట, చింతగింజంత పోయింది, చూస్తె గని తెల్వదు. నేను ఆయన ముంగటి పన్ను ఊడగొట్టిన. ఆ పన్ను మాత్రం ఎక్కువ చెప్పేది లేదు, పూర్తిగ ఊడింది. కొట్టుకున్నంక ఇద్దరం ఒక్క పళ్లెంలనే తినేది. "ముసలి నక్కా, ఇంకింత పులుసు పోసుకోరాదు," అని ఆయనే గిన్నె జరుపుతుండె. నన్ను అన్నా అని పిలుస్తుండె, నువ్వు అంటుండె, తిట్టు మాత్రం పేరు పెట్టి తిడ్తుండె.

అట్లాంటి మనిషి కల్లు మానిండు. ఒకనాడు తాగొచ్చి మంచం కోడు పీకి ఇసిరితే మా మరదలు చెయ్యి ఇరిగింది. ఆమె దవాఖానకెల్లి కట్టు తోని ఇంటికొచ్చిన దినమే, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఇగ ముట్టనన్నడు. ముట్టలె. చావులకు పోయినా, బోనాలకు పోయినా, నేను పక్కన కూసొని ఉడికించినా ముట్టలె. ఆయన జీవితంల సంపాదించుకున్నది ఏమన్న ఉన్నదంటె ఆ మాట ఒక్కటే. పొలం తండ్రిది, ఇల్లు మామ కట్టిచ్చింది, మాట మాత్రం ఆయనది. మా మరదలు నాలుగేండ్లకు గని ఆయన పక్కన కూసొని తినలె. ఆమె నమ్మకం అట్ల గోరుముద్దలెక్క చిన్నచిన్నగ వచ్చింది.

మొయినాబాద్ అవతల ఒక ఫామ్‌హౌస్ సారు అరెకరం చదును చేసి, మట్టి దిబ్బలు పోయించి, ఈ రిమోట్ కార్లకు పందెం తొవ్వ కట్టిండు. ఆదివారం సాయంత్రాలు సిటీకెల్లి పదిమంది సార్లు వచ్చి కార్లు ఉరికిస్తరు. దుమ్ము లేవకుండ పైపుతోని నీళ్లు కొట్టే పని మా సడ్డకునిది. ఒకనాడు ఒక సారు తన పాత కారు ఆయన చేతిల పెట్టి, "తీసుకో తాతా, దీని స్టీరింగు నమ్మేటట్టు లేదు, నీ మనుమలు ఆడుకుంటరు," అన్నడట. ఆ 'తాతా' అన్న మాట మా సడ్డకునికి కాలింది. దాన్ని బాగుచేయించి, ఆ సార్ల మీదనే గెలవాల్నని ఎత్తుకొని నా షాపుకొచ్చిండు. కారు యాభై కిలోలు ఉంటదని, గంటకు నూటయాభై పోతదని నేను శానా మందికి చెప్పిన. పక్క కూరగాయల షాపుల జోకితే నాలుగున్నర కిలోలు. స్పీడు అరవై ఉంటది. అరవై తక్కువ గాదు.

ఈ కార్ల ముంగటి చక్రాలు తిప్పేటందుకు చిన్న డబ్బాలెక్క ఒక మోటర్ ఉంటది, సర్వో అంటరు. దానికి మూడు తీగలు. ఎర్రది కరెంటు తెస్తది, నల్లది తిరిగి తీసుకపోతది, తెల్లది రిమోట్ చెప్పిన మాట మోసుకొస్తది. రిమోట్ మాట ఇనేది రిసీవర్ అని ఇంకో డబ్బా. ఒక్కటే బ్యాటరీ మీద రెండూ నడిస్తె, సర్వో గట్టిగ తిరిగినప్పుడు కరెంటంత అదే మింగుతది, రిసీవర్‌కు సోయి తప్పుతది. ట్రాక్టర్‌ల సెల్ఫ్ కొట్టంగనే హెడ్‌లైటు మసకబారుతది చూడున్రి, అదే కథ. నేను చూడంగనే పట్టిన. సర్వోకు వేరే బ్యాటరీ పెట్టిన. ఎర్ర తీగ దానికి ఇచ్చిన, తెల్లది రిసీవర్‌లనే ఉంచిన. నల్ల తీగ కాడికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే పోయింది: కారు కింది ప్లేటు అల్యూమినియందే గదా, సర్వో నల్ల తీగ, కొత్త బ్యాటరీ నల్ల తీగ రెండూ ఒక్క స్క్రూ కింద పెట్టి ఆ ప్లేటుకు బిగించిన. బాడీ మీద నెగటివ్ ఉండనే ఉంటది. బల్ల మీద పెట్టి రిమోట్ తిప్పితె చక్రాలు కత్తులలెక్క తిరిగినయి. "చూసినవా తమ్మీ," అన్న. మా సడ్డకుడు కారు ముద్దు పెట్టుకున్నడు. నన్ను పెట్టుకోలె.

ఆదివారం నాడు రిమోట్ ఎవరి చేతిల ఉండాల్నన్న కాడ మొదలైంది. కారు నాదన్నడు, పని నాదన్న. ఆయన నా గల్లా పట్టిండు, నేను ఆయన మెడ పట్టిన. సార్లు గుండ్రంగ నిలబడి ఫోన్లల్ల తీసుకుంటున్నరు. ఆయన నన్ను నీళ్ల డ్రమ్ముకు గుద్దిండు, నా మోచెయ్యి చీరింది. నేను రిమోట్ తోనే ఆయన దవడ మీద ఒకటి వేసిన. ఆఖరికి ఫామ్‌హౌస్ సారు నడుమకొచ్చి, మొదటి పందెం నాదని, రెండోది ఆయనదని ఒప్పించిండు. ఆ పందాలల్ల ఒక పద్ధతున్నది. నడపనోళ్లు మలుపుల కాడ నిలబడాలె, కారు పల్టి కొడితే ఎత్తి సక్కగ పెట్టాలె. మా సడ్డకుడు దవడ రుద్దుకుంట పోయి దిబ్బ అవతలి మలుపు కాడ నిలబడ్డడు. "సక్కగ నడుపు, నక్కా!" అని అక్కడికెల్లి మొత్తుకున్నడు. పద్ధతి ప్రకారం ఎక్కడ నిలబడాల్నో అక్కడనే నిలబడ్డడు. ఈ మాట గుర్తుపెట్టుకోన్రి.

అయిదు కార్లు ఒక్కసారే ఉరికినయి. నాది ముందట ఉన్నది. ముందట అంటె రెండోది, సరే. నేను పూర్తిగ ఒత్తిన. దిబ్బ మీదికెల్లి కారు మనిషెత్తు ఎగిరి, మూతి మీద పడి, మళ్ల చక్రాల మీదికి వచ్చింది. నేను ఎడమకు తిప్పిన. కారు తిరగలె. కుడికి తిప్పిన. తిరగలె. స్పీడు తగ్గియ్యొచ్చు, బ్రేకు ఒత్తొచ్చు. నా ఏలు మాత్రం ఒత్తిన కాడనే ఉన్నది, చక్రాలు నా మాట ఎందుకు ఇనయన్న కోపంల. కారు బాణంలెక్క పోయి మా సడ్డకుని ఎడమ కాలు ముంగటి బొక్క మీద తగిలింది. ఎండిన కట్టె మోకాలి మీద పెట్టి ఇరిస్తె వచ్చే చప్పుడు. కాలు పాదం కాడ గాదు, మోకాలు కాడ గాదు, రెంటి నడుమ మడతపడ్డది.

ఆయన పడిన చోటనే కారును రెండు చేతుల ఎత్తి, ఉరికొస్తున్న నా మీదికి ఇసిరిండు. నా కనుబొమ్మ పగిలింది, కండ్లల్ల నెత్తురు. "నీ పని గిదేనార!" అని ఆ సార్లందరి ముంగట మొత్తుకున్నడు. నొప్పితోని గాదు, నవ్వుకుంట అన్నట్టు వినపడ్డది నాకు. తర్వాత జరిగింది నేను మూడేండ్లు ఎవరికి చెప్పలె, మా ఇంటామెకు గూడ. నెత్తురు తుడుచుకోకుండ పోయి, కింద పడున్న మనిషిని, ఆ ఇరిగిన కాలు మీదనే తన్నిన. ఒక్కసారి అని రాద్దామనుకున్న. రెండుసార్లు తన్నిన. ఆయన అరిచిన అరుపుకు పందెం కార్లన్నీ ఆగినయి.

సార్లల్ల ఒకరు విస్కీ సీసా తెచ్చిన్రు, నొప్పి తగ్గుతదని. మా సడ్డకుడు పండ్లు గిట్టకరిచి, తల అటు ఇటు ఊపిండు. నేను ఆయన తల నా ఒళ్లె పెట్టుకొని, దవడ నొక్కి నోరు తెరిపించి పోసిన. సగం లోపలికి పోయింది, సగం అంగీ మీద. నొప్పికే పోసిన అని మూడేండ్లు నాకు నేను చెప్పుకున్న. ఫామ్‌హౌస్ సారు మమ్మల్ని తన కారుల చేవెళ్ల దవాఖాన గేటు దాక తెచ్చి దింపి, కేసు గీసు అయితదేమో అని అట్నే పోయిండు. కబురు తెలిసి మా మరదలు బంతిపూల మరకల చేతులతోనే ఉరికొచ్చింది. "బావా, ఎట్లయింది?" అన్నది. నలభై ఏండ్ల పేరు, ఆ రెండు తన్నులు, రెండూ ఒక్కసారే యాదికొచ్చినయి. "తాగి కార్లకు అడ్డమొచ్చిండు," అన్న.

ఆమె వంగి ఆయన నోరు వాసన చూసింది. చేతిల ఉన్న స్టీలు డబ్బాతోని, స్ట్రెచర్ మీద పండుకున్న మొగని మొఖం మీద కొట్టింది. ఒకటి, రెండు, నర్సు వచ్చి పట్టుకునేదాక. "నా నెత్తి మీద చెయ్యి పెట్టినవు గదరా!" అని ఒక్కటే మాట. ఆయన ముక్కుకెల్లి నెత్తురు కారుకుంట, "నేను తాగలే," అన్నడు. నా దిక్కు చూసిండు. నేను నా కనుబొమ్మకు కుట్లు ఏపిచ్చుకునేటందుకు లోపలికి పోయిన. పది కుట్లని చెప్త. మూడు.

రెండు దినాలకు షాపుల కారు ఇప్పి చూసిన. ఈ కార్లల్ల బాడీ మీద నెగటివ్ ఉండదు. ప్లేటుకు దేనితోని సంబంధం లేదు, ఉట్టి రేకు. కారును, రిసీవర్‌ను నడిపే పెద్ద బ్యాటరీ నల్ల తీగ ఒకదగ్గర పొట్టు లేచి ప్లేటుకు తాకుతున్నది, బల్ల మీద ఆ తాకుడు తోనే చక్రాలు తిరిగినయి. దిబ్బ మీదికెల్లి ఎగిరినప్పుడు ఆ తీగ జరిగింది. రెండు బ్యాటరీల నడుమ నల్ల తీగ కలుపు లేకపోయేసరికి, రిసీవర్ చెప్పిన మాట సర్వోకు ముట్టలె. జానెడు తీగ, ఒక చుక్క సోల్డరింగ్. సుత్తె తీసుకొని కారును పొడి పొడి చేసి, సంచిల ఏసి మూసీల పారేసిన. మూసీ దాక పోలె. వెనకాల చెత్తకుండిలనే.

మూడేండ్లు. కాలు అతికింది గని జర వంకరగ అతికింది. రోజు సాయంత్రం ఆయన ఇంటికొస్తె మా మరదలు గడప కాడ నిలబడి, "ఊదు," అంటది. ఆయన ఆమె అరచేతిల ఊదుతడు. వాసన చూసి పక్కకు జరుగుతది. నేను నా కండ్లతోని చూసిన, ఒకసారి గాదు. మనుమలు చూస్తుండంగ గూడ ఊదిండు. అరవై దాటిన మనిషి. ఆమె తిండి వేరే పెట్టుకుంటది. నన్ను మాత్రం ఆయన ఒక్కసారి గూడ కొట్టలె, తిట్టలె. "రాన్రి అన్నా, కూసోన్రి," అంటడు. నాకు మర్యాద ఇచ్చుడు మొదలుపెట్టిండు. ఆ మర్యాద కన్నా గరిటె దెబ్బ నయం.

సోమవారం బువ్వ డబ్బా మూసిపెట్టిన అన్న గదా. మంగళవారం పొద్దున బస్సెక్కి సురంగల్ పోయిన. ఇద్దరు చేన్లనే ఉన్నరు, ఆయన పూలు తెంపుతున్నడు, ఆమె బస్తాకు నింపుతున్నది. నేను గట్టు మీద నిలబడి అంతా చెప్పిన. నల్ల తీగ చెప్పిన, తన్నులు చెప్పిన. సీసా కాడికి వచ్చినంక, "నొప్పికే..." అని మొదలుపెట్టి ఆగిన. "నొప్పికి గాదు. వాసనకు," అన్న. ఆ మాట నా నోట్లెకెల్లి వచ్చినంక గని నాకు తెల్వదు, అది నిజమని.

మా మరదలు కింద పడున్న డ్రిప్పు పైపు ముక్క అందుకున్నది. మొదటి దెబ్బ మెడ మీద పడ్డది. తర్వాత యాడ పడ్డయో లెక్క లేదు, ఇందుల మాత్రం నేను ఎక్కువ చెప్తలేను, వీపు మీద ఇప్పటికీ గీతలున్నయి. చేతులు అడ్డం పెట్టలె. "మూడేండ్లు నా ఇంట్ల బువ్వ తిన్నవు గద బావా! ఈ నోటితోని తిన్నవు గద!" అని మూతి మీద కొట్టింది. నేను పూల నడుమ పడ్డ. ఆమె అంతటితోని ఆగలె. మర్లి ఆయన మీదికి పోయి, అదే పైపుతోని ఆయన భుజాల మీద కొట్టింది. "నువ్వేమాయెరా? ఊదమంటె ఊదినవు! ఒక్కనాడన్న ఎదురు తిరిగినవా? ఒక్కనాడన్న నన్ను అడిగినవా?"

ఆయన ఆ పైపు చివర పట్టుకున్నడు. గుంజలె, ఊరకనే పట్టుకున్నడు. "ఎదురు తిరిగితె," అన్నడు, "తాగిండు అంటవు."

ఆమె పైపు ఇడిచిపెట్టి, అట్లనే పూల మీద కూలబడ్డది. ఆ ఏడుపు రాసేంత చదువు నాకు లేదు. శానసేపటికి లేచి, కొంగుతోని ఆయన మెడ మీది ఎర్రటి గీతను అద్దింది. ఆయన గట్టు మీది కొడవలి చేతిల పట్టుకొని కుంటుకుంట నా దాక వచ్చిండు. నేను కండ్లు మూసుకున్న. "గా దినమే చెప్పి ఉంటె నిన్ను గీడనే నరుకుతుంటి," అన్నడు. "ఇప్పుడు ఒంగుదామంటె ఈ కాలు ఒంగుతలేదు. లే. ఎండ ఎక్కితె పూలు వాడుతయి, బండి పదింటికి వస్తది." నేను లేచిన. మూతికెల్లి కారే నెత్తురు తుడుచుకుంట ఒక సాలు పట్టిన, ఆయన ఒక సాలు పట్టిండు. బస్తాలు నిండేదాక ముగ్గురం తెంపినం.

నన్ను మన్నించిండా అంటె మన్నించలె, మన్నిస్తడో లేదో తెల్వదు. అడిగేటట్టు గూడ లేదు. ఒకరినొకరం కొట్టుకునేటందుకు మాకు ముప్పై అయిదేండ్లు దొరికినయి, వాటిని ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టినం. ఒక మాట సరిచేసుకునేటందుకు కావల్సినన్ని దినాలు ఇంకా ఉన్నయో లేవో మాత్రం, ఆ బంతి సాలు చివరిదాక తెంపుకుంట పోయినా నాకు తెలియలె.